వేడికి కరగని ఫిల్మ్ వాయువులను ఎందుకు విడదీయలేదు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఇక్కడే చదవడం మొదలుపెట్టేవారికీ సంగతి తెలియాలి. మీరు మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నారు. జడ్చర్ల దగ్గర ఊళ్లో మీ ఇంట్లో నాలుగు గేదెలు, రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్నాయి. ఆ గ్యాసులోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పొరతో తీసేయడం మీ ప్రాజెక్టు. పాలీఇమైడ్ అనే పాలిమర్ రకం పొరలు ఇందుకు పనికొస్తాయని చదివి, 400 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్న 25 మైక్రాన్ల కాప్టాన్ అనే పాలీఇమైడ్ ఫిల్మ్ తెప్పించారు. ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు అంచుల మధ్య బిగించారు. ఇవతల గ్యాసు వదిలి, అవతల రబ్బరు బుడగ కట్టి మూడు రోజులు ఎదురుచూశారు. బుడగ ఉబ్బలేదు. ఇంతకన్నా ఎక్కువ వేడి తట్టుకునే ఫిల్మ్ ఏదైనా ఉందా అని అడుగుతున్నారు.

మీ బిగింపులో లోపం లేదు, ఫిల్మ్ కూడా నాసిరకం కాదు. ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందన్న అంకె చూసి పొరను ఎంచుకోవడం దగ్గరే దారి తప్పింది. నేను నకిరేకల్ వైపు వాడిని. ఇరవై ఆరేళ్లుగా పాలిమర్ ఫిల్ములు పోయడం, వాటిలోంచి వాయువులు ఎంత దాటుతున్నాయో కొలవడమే నా పని. ఇదే పొరపాటు చేసిన విద్యార్థులను చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదట మీ మూడు రోజుల లెక్క చూద్దాం. పొరలోంచి వాయువు దాటే గుణాన్ని, అంటే పారగమ్యతను, బారర్‌లలో కొలుస్తారు. రిచర్డ్ బారర్ అనే శాస్త్రవేత్త పేరు మీద వచ్చిన కొలమానం అది. ఒక సెంటీమీటరు మందం, ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం ఉన్న పొరకు అటూ ఇటూ ఒక సెంటీమీటరు పాదరసం పీడన భేదం ఉన్నప్పుడు, సెకనుకు ఒక ఘన సెంటీమీటరులో వెయ్యి కోట్లవ వంతు వాయువు దాటితే అది ఒక బారర్. కాప్టాన్‌లో కార్బన్ డయాక్సైడ్‌కు ఇది 1 బారర్ దరిదాపుల్లో, కొన్ని రకాల్లో ఇంకా తక్కువ ఉంటుంది. మీ ఫిల్మ్ వైశాల్యం దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు. గోబర్ గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ 40 శాతం అనుకుంటే, ప్లాంటు పీడనం వాతావరణ పీడనం కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు కాబట్టి, దాన్ని నెట్టే బలం సుమారు 30 సెంటీమీటర్ల పాదరసం. అన్నీ గుణించి మందంతో భాగిస్తే రోజుకు 5 మిల్లీలీటర్లు వస్తుంది. రోజుకు ఒక టీస్పూను గ్యాసు. దాన్ని బుడగలో చూడలేరు.

బుడగ మరో దెబ్బ తీసింది. సహజ రబ్బరులో కార్బన్ డయాక్సైడ్ పారగమ్యత దాదాపు 150 బారర్లు. అంటే కాప్టాన్ దాటి వచ్చిన టీస్పూనులోనూ చాలా భాగం బుడగ గోడలోంచి బయటి గాలిలోకి వెళ్లిపోయింది. ఇది కొత్త సంగతి కాదు. 1831లోనే ఫిలడెల్ఫియా వైద్యుడు మిచెల్ రబ్బరు బుడగల్లోంచి వేర్వేరు వాయువులు వేర్వేరు వేగాలతో జారిపోవడం గమనించారు. పొరలతో వాయువులను విడదీసే శాస్త్రానికి తొలి మెట్టు అదే. మీరు కొలపాత్ర అనుకుని కట్టిన బుడగ, మీ ఫిల్మ్ కన్నా ఎన్నో రెట్లు వాయువును వదిలే పొర.

ఇక అసలు విషయం. పొర అనగానే మనకు జల్లెడ గుర్తొస్తుంది. చిన్నవి రాలిపోతాయి, పెద్దవి మిగిలిపోతాయి. పాలీఇమైడ్ ఫిల్ములో అలాంటి రంధ్రాలు లేవు. వాయువు అణువు ముందు ఫిల్ము పైతలంలో కరుగుతుంది, తర్వాత లోపల ఒక ఖాళీ నుంచి పక్క ఖాళీలోకి దూకుతూ అవతలికి చేరి బయటపడుతుంది. 1866లో థామస్ గ్రాహం రబ్బరు గురించి చెప్పిన ఈ వివరణే ఈనాటికీ ఆధారం. కరగడం ఒక ఎత్తు, దూకడం ఒక ఎత్తు. ఆ రెండింటి లబ్ధమే పారగమ్యత. కార్బన్ డయాక్సైడ్ సులభంగా ద్రవంగా మారే వాయువు, పాలిమర్‌లో మీథేన్ కన్నా బాగా కరుగుతుంది. దూకడంలో పరిమాణం లెక్కకొస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అణువు 0.33 నానోమీటర్లు, మీథేన్ 0.38. తేడా 0.05 నానోమీటర్లే. ఇంత సన్నని తేడాను పట్టుకోవాలంటే అణువు దూకే సందు అటూ ఇటూ ఊగకూడదు. రబ్బరులో పొడవాటి పాలిమర్ అణువుల గొలుసులు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి, పెద్ద అణువుకూ చిన్న అణువుకూ దారి ఇచ్చేస్తాయి. అందుకే రబ్బరులో వాయువు ఎక్కువ దాటుతుంది కానీ విడిపోవడం తక్కువ.

పాలీఇమైడ్ గొలుసు అలా ఊగదు. దాని వెన్నెముకంతా బెంజీన్ వలయాలు, వాటికి అతుక్కున్న ఐదు పరమాణువుల ఇమైడ్ వలయాలు. బల్లపరుపు పలకలను వరసగా కీలు వేసినట్టు ఉంటుంది. ఆ కీళ్లు కూడా ఎక్కువ తిరగవు. గొలుసు కదలాలంటే చాలా వేడి కావాలి. గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత కాప్టాన్‌కు 360 డిగ్రీల పైమాటే. అపోలో చంద్రవాహనం మీద మెరిసిన బంగారు రంగు రేకుల్లో ఉన్నదీ, ఫోను విప్పితే లోపల కనిపించే తేనె రంగు రిబ్బనులో ఉన్నదీ ఇదే పదార్థం. అంటే వేడిని తట్టుకోవడమూ, వాయువులను విడదీయడమూ ఒకే తల్లి బిడ్డలు. గొలుసు బిగువే ఆ తల్లి. మీరు చదివినదాంట్లో ఇంతవరకు నిజం ఉంది. ఒక బిడ్డ పుష్టిగా ఉంటే రెండో బిడ్డ కూడా అలాగే ఉంటుందని అనుకోవడంలోనే పొరపాటు వచ్చింది.

బిగువైన గొలుసులు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకున్నాయన్నదే వాయువుకు ముఖ్యం. ఈ పాఠం మన ప్రాంతంలో చెప్పినంత బాగా ఇంకెక్కడా చెప్పలేం. తాండూరు నుంచి వచ్చిన బండలను ఇంటి ముందు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచుతారు కదా, వాటి మధ్య చీమ కూడా దూరడం కష్టం. అదే నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద మూడు గుండ్లు చూడండి. రాయి గట్టిదే, ఇసుమంత కదలదు. కానీ గుండ్రని, అడ్డదిడ్డమైన ఆకారాలు ఒకదానికొకటి ఆనుకోలేక మధ్యలో సందు మిగిలింది. భక్తులు పక్కకు తిరిగి ఆ సందులోంచే వెళతారు. బండలూ రాయే, గుండ్లూ రాయే. ఎండకు రెండూ కరగవు. దారి ఉన్నది మాత్రం గుండ్ల మధ్యే.

కాప్టాన్ బండల దొంతర లాంటిది. పీఎండీఏ అనే డయాన్‌హైడ్రైడ్, ఓడీఏ అనే డయామీన్, ఈ రెండు ముడి రసాయనాలు కలిసి దాని గొలుసు అవుతాయి. రెండూ బల్లపరుపు వలయాలే. పైగా ఎలక్ట్రాన్లు తక్కువైన ఇమైడ్ భాగం, పక్క గొలుసులో ఎలక్ట్రాన్లు ఎక్కువైన డయామీన్ భాగాన్ని దగ్గరకు లాక్కుంటుంది. ఫిల్ముకు ఆ తేనె రంగు రావడానికి కారణం కూడా ఈ ఆకర్షణే. గొలుసులు అంత దగ్గరగా కూర్చున్నాయి కాబట్టే దాని సాంద్రత 1.42. అంత గట్టిగా సర్దుకున్న చోట కార్బన్ డయాక్సైడ్‌కు మీథేన్ కన్నా దారి ఎక్కువే ఉంటుంది, విడదీసే గుణం బాగానే ఉంటుంది, కానీ దాటే పరిమాణమే చాలదు. కరెంటు తీగ మీద చుట్టడానికి అది గొప్ప గుణం, మీ పనికి కాదు.

గుండ్ల లాంటి గొలుసులను ఎలా తయారుచేస్తారు? రెండు ఉపాయాలు ఉన్నాయి. 6ఎఫ్‌డీఏ అనే డయాన్‌హైడ్రైడ్‌లో రెండు వలయాల మధ్య ఒక కార్బన్, దానికి రెండు వైపులా ట్రైఫ్లోరోమీథైల్ గుంపులు ఉబ్బుగా ఉంటాయి. వాటివల్ల గొలుసు వంకర తిరుగుతుంది, పక్క గొలుసు దగ్గరకు రాలేదు. రెండో ఉపాయం డ్యూరీన్ డయామీన్. బెంజీన్ వలయం నాలుగు మూలలా మీథైల్ గుంపులు ఉంటాయి. అవి ఇమైడ్ వలయానికి తగిలి కీలు తిరగకుండా బిగిస్తాయి. ఈ రెంటినీ కలిపితే వచ్చే పాలీఇమైడ్‌లో కార్బన్ డయాక్సైడ్ పారగమ్యత 400 బారర్లు దాటుతుంది. మీథేన్‌తో పోలిస్తే ఎన్ని రెట్లు ఎక్కువ దాటుతుందో చెప్పే ఎంపిక విలువ మాత్రం 16 దగ్గరకు పడిపోతుంది. అదే 6ఎఫ్‌డీఏను ఓడీఏతో కలిపితే పారగమ్యత 20 బారర్ల ప్రాంతంలో, ఎంపిక 50 పైన ఉంటుంది. బజారులో పొడిగా దొరికే మాట్రిమిడ్ అనే పాలీఇమైడ్‌కు సుమారు 10 బారర్లు, ఎంపిక 35. మాట్రిమిడ్ కాప్టాన్ అంత వేడి తట్టుకునేది కాదు. 300 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. అయినా మీ పనికి కాప్టాన్ కన్నా అదే ఎంతో మేలు.

ఇక్కడ ఒక మాట. ఫ్లోరిన్ అనగానే మన జిల్లాల వాళ్లకు గుండె ఝల్లుమంటుంది. మర్రిగూడ వైపు వంకర్లు తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు చూసి పెరిగినవాడిని, ఆ భయం నాకు తెలుసు. నీటిలోని ఫ్లోరైడ్ స్వేచ్ఛగా తిరిగే అయాన్, ఎముకలోకి చేరుతుంది. ఈ పాలిమర్‌లో ఫ్లోరిన్ కార్బన్‌తో చాలా గట్టి బంధంలో ఉంటుంది, మామూలు వాడకంలో నీళ్లలోకి రాదు. కానీ పనికిరాని ఫిల్ము ముక్కలను మంటలో వేయకండి. కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి.

దాటడం పెరిగితే విడదీయడం తగ్గడం పైన గమనించే ఉంటారు. ఇది ఈ ఒక్క కుటుంబానికే పరిమితం కాదు. 1991లో రోబ్సన్ అనే శాస్త్రవేత్త అప్పటిదాకా వచ్చిన వందలాది పాలిమర్ల అంకెలను ఒకే పటం మీద చుక్కలుగా పెట్టి చూశారు. చుక్కలన్నీ ఒక వాలు గీత కిందే నిలిచాయి. 2008లో కొత్త పాలిమర్లతో ఆ గీతను కొంచెం పైకి జరిపి మళ్లీ గీశారు. ఇప్పుడు ఎవరు కొత్త ఫిల్మ్ చేసినా ముందు ఆ గీతకు ఎంత దగ్గరగా వచ్చిందో చూస్తారు. మీ ప్రాజెక్టు నివేదికలో వేడి తట్టుకునే అంకె బదులు ఈ పటం పెట్టండి, పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్నకు అదే జవాబు.

గొలుసు నిర్మాణం కాగితం మీద గీసిన బొమ్మతో పూర్తికాదు. అదే పాలిమర్‌ను ఇద్దరు పోస్తే రెండు రకాల ఫిల్ములు వస్తాయి. ఏ ద్రావకంలో కరిగించారు, ఎంత నెమ్మదిగా ఆరబెట్టారు, చివరికి ఎంత వేడి చేశారు అన్నవన్నీ లోపలి ఖాళీల్లో రాసి ఉంటాయి.

కాప్టాన్ తరహా ఫిల్మ్ నేరుగా పోయలేం, అది దేనిలోనూ కరగదు. ముందు డైమీథైల్ అసెటమైడ్‌లో పాలీఅమిక్ ఆమ్లం అనే పాకం తయారుచేస్తాం. ఓడీఏ కరిగాక పీఎండీఏ పొడిని కొద్దికొద్దిగా వేస్తూ తిప్పుతుంటే, కాసేపటికి కలిపే కడ్డీ బరువెక్కుతుంది. బాగా కుదిరినప్పుడు కడ్డీ పైకెత్తితే బెల్లం పాకం తీగలా సాగుతుంది, తెగదు. నేను పని మొదలుపెట్టిన ఏడాది వానాకాలంలో మూడు సార్లు పాకం నీళ్లలా ఉండిపోయింది. కారణం పట్టుకోవడానికి నెల పట్టింది. సీసా మూత తీసిన ప్రతిసారీ పీఎండీఏ గాలిలోని తేమ పీల్చుకుని ఆమ్లంగా మారిపోతోంది. ఆ ఆమ్లం గొలుసులో చేరదు, గొలుసు పొట్టిగా తెగిపోతుంది. అప్పటి నుంచి ఆ పొడిని వాడే ముందు వ్యాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టకుండా ముట్టుకోలేదు.

పాకాన్ని గాజు పలక మీద కత్తి అంచుతో ఒకే మందంలో లాగి, 80 డిగ్రీల నుంచి మెట్లుమెట్లుగా 300 వరకు వేడి చేస్తాం. 150 దాటాక పాలీఅమిక్ ఆమ్లం నీటి అణువును వదిలి వలయం మూసుకుంటుంది, ఇమైడ్ అవుతుంది. లేత పసుపు ఫిల్మ్ కళ్లముందే ముదురు తేనె రంగులోకి వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో 1780, 1720, 1380 తరంగ సంఖ్యల దగ్గర శిఖరాలు లేచి 1660 దగ్గరిది తగ్గిపోతే వలయాలు మూసుకున్నట్టు. తొందరపడి ఒకేసారి 300కు తీసుకెళితే నీరూ ద్రావకమూ లోపలే ఆవిరై ఫిల్మ్ నిండా బుడిపెలు లేస్తాయి.

మీకు నా సలహా మాట్రిమిడ్. అది ముందే ఇమైడ్ అయిన పాలిమర్, డైక్లోరోమీథేన్‌లోనూ, ఎన్ఎంపీ (ఎన్-మీథైల్ పైరోలిడోన్) అనే ద్రావకంలోనూ కరుగుతుంది. 300 డిగ్రీల ఓవెన్ అక్కర్లేదు. మీ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఎవరి దగ్గరైనా కొన్ని గ్రాముల పొడి దొరుకుతుందేమో అడగండి. కానీ మన ఎండలకు ఒక హెచ్చరిక. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెలలో పాలమూరు మధ్యాహ్నం అంతకన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు పోస్తే పైతలం క్షణాల్లో గడ్డకట్టి కింద బుడగలు చిక్కుకుంటాయి. వానాకాలంలో పోస్తే ఇంకో చిక్కు. ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఫిల్మ్‌ను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద మంచులా దిగుతుంది, పారదర్శకంగా ఉండాల్సిన ఫిల్మ్ పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు అంటే లోపల సన్నని రంధ్రాలు. దాన్ని కొలవడానికి కూడా ఎక్కించకండి. ఎండలు ముదరని రోజుల్లో, పొగగూటిలో (ఫ్యూమ్ హుడ్‌లో), చల్లని ఉదయం పోసి, గాజు పలక మీద ఒక గరాటు బోర్లించండి. ద్రావకం గరాటు కాడలోంచి నెమ్మదిగా పోతుంది. మర్నాడు పలకను నీళ్లలో ఉంచితే ఫిల్మ్ ఒక మూల నుంచి తనంతట తానే లేస్తుంది. గోరుతో పీకకండి, ఆ మూల దగ్గరే చిరుగు మొదలవుతుంది.

తర్వాత వ్యాక్యూమ్ ఓవెన్‌లో కొన్ని రోజులు వేడిని మెల్లగా పెంచుతూ ఉంచాలి. ఇక్కడ చాలామంది తొందరపడతారు, ఒకసారి నేనూ పడ్డాను. ఎన్ఎంపీ 202 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఫిల్మ్ పొడిగా కనిపించినా లోపల నాలుగైదు శాతం మిగిలి ఉంటుంది. ఆ మిగులుతో కొలిచిన అంకెలు చూసి కొత్త పాలిమర్ గొప్పగా పనిచేసిందని రెండు వారాలు సంబరపడ్డాం. వేడి చేస్తూ బరువు తగ్గడం చూసే పరీక్షలో 200 డిగ్రీల దగ్గర మెట్టు కనిపించాక అంతా మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఫిల్మ్ బరువు రెండు రోజులు వరసగా మారకపోతేనే కొలతకు ఎక్కించండి.

కొలవడానికి బుడగ వద్దు. అవతలి వైపు చిన్న స్టీలు గది, దానికి వ్యాక్యూమ్ పంపు, పీడనం చూపే సెన్సార్ ఉంటే చాలు. వాయువు వదిలాక కాసేపు పీడనం కదలదు, తర్వాత సరళరేఖలో పెరుగుతుంది. ఆ సరళరేఖను వెనక్కి పొడిగిస్తే సమయం గీతను తాకే చోటు దొరుకుతుంది. అదే ఆలస్యం. ఫిల్మ్ మందం వర్గాన్ని ఆ ఆలస్యానికి ఆరు రెట్లతో భాగిస్తే వ్యాపన గుణకం వస్తుంది. 25 మైక్రాన్ల మాట్రిమిడ్‌లో కార్బన్ డయాక్సైడ్‌కు ఆలస్యం నిమిషం, రెండు నిమిషాల స్థాయిలో ఉంటుంది. మందం రెండింతలైతే ఆలస్యం నాలుగింతలు కావాలి. కాకపోతే మీ ఫిల్మ్‌లోనో బిగింపులోనో లోపం ఉంది.

రంధ్రం పడిందో లేదో తెలుసుకోవడానికి ఇంకా తేలిక దారి ఉంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ రెండూ విడివిడిగా కొలవండి. మంచి ఫిల్మ్‌లో కార్బన్ డయాక్సైడ్ 30 రెట్లకు పైగా దాటుతుంది. సన్నని రంధ్రం ఉంటే మాత్రం తేలికైన మీథేనే ముందు పరుగెడుతుంది, నిష్పత్తి 0.6 దగ్గరకు పడిపోతుంది. ఒకటి కన్నా తక్కువ వచ్చిందంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆ ఫిల్మ్ పక్కన పెట్టండి.

ఎంత పెద్ద పొర కావాలో కూడా లెక్క వేద్దాం. మీ ప్లాంటు గ్యాసులో రోజుకు దాదాపు 800 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. దాన్ని 10 బార్ల పీడనం కింద (వాతావరణ పీడనానికి దాదాపు పది రెట్లు) 25 మైక్రాన్ల మాట్రిమిడ్ ఫిల్మ్‌తో తీయాలంటే, ఉదారంగా లెక్కేసినా 10 చదరపు మీటర్ల పొర కావాలి. గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ తగ్గేకొద్దీ నెట్టే బలం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఒక గది నేలంత ఫిల్మ్! అదే పాలిమర్ పొర మందం 0.1 మైక్రాన్ అయితే అదే లెక్కకు 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్క చాలు. పారిశ్రామిక పొరల రహస్యం ఇదే. మీ ఊరి వాటర్ ప్లాంటులో పాడైన ఆర్‌ఓ మెంబ్రేన్ పారేసి ఉంటే అడిగి తెచ్చుకుని రంపంతో కోసి చూడండి. చాపలా చుట్టిన పొరల్లో ప్రతి పొరకూ గుడ్డలాంటి ఆధారం, దానిమీద తెల్లని రంధ్రాల పాలీసల్ఫోన్, ఆపైన గోరుకు కూడా తగలనంత సన్నని పాలీఅమైడ్ చర్మం. పనంతా ఆ చర్మానిదే, మిగతాదంతా దాన్ని మోయడానికే. వాయువులకైతే ఇదే చర్మాన్ని వెంట్రుకల్లాంటి బోలు దారాల మీద తెస్తారు. 1980లో మాన్‌శాంటో కంపెనీ పాలీసల్ఫోన్ బోలు దారాలతో హైడ్రోజన్‌ను వేరుచేసే యంత్రాలను బజారులోకి తెచ్చింది. తర్వాత జపాన్‌లో ఊబే కంపెనీ పాలీఇమైడ్ దారాలు తయారుచేసింది. ఇవాళ బయోగ్యాస్ శుద్ధికి వాడే ఎన్నో దారాలు పాలీఇమైడ్‌వే.

వేడి తట్టుకునే గుణం మరి ఎక్కడ అవసరం? మీ గ్యాసు 35 డిగ్రీల దగ్గర వస్తుంది. పొరను వేడి చేస్తే వాయువు దూకే వేగం పెరుగుతుంది కానీ కరిగే పరిమాణం తగ్గుతుంది. మీథేన్ దూకుడు ఇంకా ఎక్కువ పెరుగుతుంది కాబట్టి ఎంపిక పడిపోతుంది. మీ పనికి పొర చల్లగా ఉంటేనే మంచిది. వేడి గుణం కావాల్సింది 150, 200 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్ నుంచి విడదీసే చోట. అక్కడ పాలీబెంజిమిడజోల్ అనే పాలిమర్ వాడతారు, అది 400 డిగ్రీలు దాటాక గానీ మెత్తబడదు. ఇంకో చోట వేడి పొరను తయారుచేసే సాధనమే అవుతుంది. 2007లో కొరియా పరిశోధకుల నాయకత్వంలో ఒక బృందం, ఇమైడ్ పక్కనే హైడ్రాక్సిల్ ఉన్న పాలీఇమైడ్ ఫిల్మ్‌లను 400 డిగ్రీల పైన వేడి చేసింది. ఫిల్మ్ కరగలేదు. ఘనంగా ఉండగానే లోపలి వలయాలు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి బెంజాక్సజోల్ అనే మరో రకం వలయాలుగా మారాయి. గొలుసు ఇంకా బిగిసి, మధ్యలో కొత్త ఖాళీలు తెరుచుకున్నాయి. పారగమ్యత వెయ్యి బారర్ల పైకి వెళ్లింది. ఈ రంగంలో నన్ను ఇప్పటికీ ఇంతగా ఆశ్చర్యపరిచే పని మరొకటి లేదు. మామూలు పాలిమర్ ఆ వేడికి ముద్దయిపోతుంది. గొలుసు వేడికి తట్టుకుంటేనే ఆ మార్పుకు చోటు దొరుకుతుంది.

అధిక పీడనం దగ్గర ఒక కష్టం ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగితే పాలిమర్ ఉబ్బుతుంది, గొలుసులు వదులవుతాయి, మీథేన్ కూడా సులభంగా దాటేస్తుంది. మాట్రిమిడ్‌లో ఇది 10, 12 బార్ల కార్బన్ డయాక్సైడ్ దగ్గర మొదలవుతుంది. గొలుసులను అడ్డంగా కలిపి ముడివేయడం దీనికి మందు. మీ కొలతలు 5 బార్ల లోపు ఉంచితే ఈ తలనొప్పి రాదు.

గ్యాసును ప్రయోగశాలకు తెచ్చేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఇనుప రజను గొట్టంలో, తేమను చల్లబరిచి ముందే తీసేయండి. అసలు కొలతలు సిలిండర్లలో దొరికే శుద్ధ వాయువులతోనే చేయండి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గోబర్ గ్యాసును సిలిండర్‌లోకి ఎక్కించే వీడియోలు చూసి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి తగిన పాళ్లలో కలిస్తే అది పేలుడు మిశ్రమం, ఫ్రిజ్ కంప్రెసర్ దానికోసం చేసిన యంత్రం కాదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి కార్బన్ డయాక్సైడ్ తీయాల్సిన అవసరమే లేదు, అమ్మ వంటకు ఆ గ్యాసు అలాగే సరిపోతుంది. ఎన్ఎంపీ, డైమీథైల్ అసెటమైడ్ రెండూ చర్మంలోంచి లోపలికి వెళతాయి, గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. తగిన చేతితొడుగులు లేకుండా, పొగగూడు బయట వాటి సీసా తెరవవద్దు.

ఒక్క పని మాత్రం మొదటి రోజు నుంచే చేయండి. ప్రతి ఫిల్మ్‌కు ఒక కాగితపు కవరు పెట్టి, పోసిన తేదీ, ద్రావకం, మందం, చివరి వేడి రాసి ఉంచండి. ఈ ఫిల్ములు గాజులాంటివి, లోపలి ఖాళీలు నెలల తరబడి నెమ్మదిగా కుదించుకుంటూ ఉంటాయి. పలుచని ఫిల్మ్‌లో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మొదటి వారంలో కొలిచిన ఫిల్మ్‌ను పారేయకుండా దాచి, నెల తర్వాత మళ్లీ ఎక్కించండి. కార్బన్ డయాక్సైడ్ అంకె తగ్గి, ఎంపిక కొద్దిగా పెరిగి కనిపిస్తే మీ కొలత సరిగానే ఉంది. ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ఇక్కడే చూపించండి, ఆలస్యం ఎక్కడ గీయాలో కలిసి చూద్దాం.